పలక

నాంట్‌గ్లాస్‌లో వాన
నేల మీద కాదు, పలకల మీద పడుతుంది.
ఇళ్ళ కప్పులు పలకలే, పెరటి కంచెలు పలకలే,
పోయినవాళ్ళ పేర్లు చెక్కినవీ పలకలే.
ఊరి వెనక వేల్స్ కొండ సగానికి సగం
పగిలిన పలకల గుట్ట.

ఈ ఏడు బడికి ఇంకో రకం పలకలొచ్చాయి.
అద్దం పలకలు. ఎనిమిది.
పిల్లలు ఇరవై రెండు మంది.
ఒకదానికి మూల బీట పడింది,
దాన్ని ఎవరూ ముందుగా తీసుకోరు.

మేరెడ్ టీచర్‌కి పియానో రాదు.
వచ్చినా లాభం లేదు,
పియానో అమ్మిన డబ్బుతోనే
పోయిన చలికాలం బాయిలర్ బాగుచేయించారు.
ఆదివారం రాత్రి వంటగదిలో, చల్లారిన టీ పక్కన,
పైసా అడగని యాప్ కోసం వెతికిందామె.
దొరికింది. ఊరికే వచ్చింది
ఊరికే ఉంటుందా?
పాట మధ్యలో దూరి నారింజరసం అమ్ముతుంది.
నాలుగు వరసలు దాటితే
ఐదో వరస మీద చిన్న తాళం బొమ్మ.
తాళం వేద్దామని కూర్చున్న పిల్లలకి
అదే తాళం వేసి చూపించింది.

"సరే, నాలుగే" అంది టీచర్.
"ఊళ్ళోకి పోయి తలా ఒక చప్పుడు పట్టుకు రండి."

ఐయోలో బస్సు తలుపు తెచ్చాడు,
ఉస్సుమని సగం తెరుచుకుని
మనసు మార్చుకునే తలుపు.
నెస్టా వాళ్ళ ముసలి గొర్రె తుమ్ము తెచ్చింది.
త్యూడర్ గుట్ట మీంచి ఒక పలకముక్క దొర్లించాడు.
టింగ్ టింగున దిగి, దిగి,
చివర ఎక్కడో ఆగిపోయాక మిగిలిన నిశ్శబ్దాన్ని కూడా
కత్తిరించకుండా పట్టుకొచ్చాడు.
మాక్సెన్ ఏమీ తేలేదు.
అప్పటికప్పుడు కోటు జిప్పు సర్రున లాగి
ఇదే నాది అన్నాడు.
తక్కినవి చేతులెత్తిన ఓట్లలో పోయాయి.

హెలెద్ చివర్న వచ్చింది.
ఘుర్... టక్. ఘుర్... టక్.
రైలా? చేపల తొట్టి మోటారా?
"మా తైద్" అంది.
అక్కడ తాతని తైద్ అంటారు.
ముప్ఫై ఏళ్ళు కొండ కడుపులో పలక చీల్చిన మనిషి.
పలక బయటికొచ్చింది, పొడి లోపలే ఉండిపోయింది.
ఇప్పుడు మంచం పక్కన ఒక పెట్టె
ఆయన కోసం గాలి వడకట్టి ఇస్తోంది.

దాన్ని అడుగు వరసలో పరిచారు.
దాని మీద గొర్రె, గొర్రె మీద బస్సు, బస్సు మీద పలక.
"నిద్రొస్తోంది" అన్నాడు మాక్సెన్,
వేగాన్ని వేలితో కుడికి తోశాడు.
ఘుర్టక్ ఘుర్టక్ ఘుర్టక్!
గదంతా కుర్చీల మీంచి ఎగిరింది.

హెలెద్ లేచి వచ్చి వేగాన్ని వెనక్కి లాగింది.
"అంత తొందరగా ఆయన ఊపిరి తీసుకోలేడు."

ఎవరూ మాట్లాడలేదు,
నారింజరసం తప్ప.

ఆ తర్వాత పాటే నడక తగ్గించుకుంది.
గొర్రె ఆగి ఆగి తుమ్మింది.
బస్సు తలుపు ఎదురుచూడటం నేర్చుకుంది.
చోటు దొరకని జిప్పు కోసం
తాళం పడ్డ ఐదో వరస మాక్సెన్ కోటు మీదికి వచ్చింది.
నిలబడి, మెడ దగ్గర వేళ్ళు బిగించి,
ఒక్కో ఊపిరి పూర్తయ్యేదాకా ఆగి
సర్రున లాగాడు.

శుక్రవారం బీటపడ్డ పలకని
టీచర్ అనుమతితో, టవల్లో చుట్టి, ఇంటికి తీసుకెళ్ళింది హెలెద్.
తైద్ కళ్ళు మూసుకుని విన్నాడు.
"ఆ ముక్క ఏ గుట్టది?"
"చర్చి వెనకది."
"అనుకున్నా. మంచి పలక కొడితే పలకాలి.
ఇది దగ్గుతోంది. మేమే పారేశాం."

మళ్ళీ పెట్టమన్నాడు.
మంచం పక్కన పెట్టె తన పని తను చేసుకుంటోంది,
పాటలోని పెట్టె కంటే అర క్షణం ఆలస్యంగా.
ఆయన వేలెత్తి రెండిటినీ లెక్కపెట్టాడు.
"నేను వెనకబడ్డానా?"

"లేదు తైద్, పాటే ముందుకు పోతోంది" అని
వేగాన్ని ఇంకాస్త ఎడమకి జరిపింది.